కార్టిసాల్ 4.1 వచ్చింది, అడ్రినల్ సపోర్టు క్యాప్సూల్స్ వాడాలా?

ప్రశ్న అడిగినాయన రాసింది క్లుప్తంగా ఇది. వయసు 39. నరసన్నపేట దగ్గర రైసుమిల్లులో గుమాస్తా. నెలన్నరగా విపరీతమైన నీరసం, పొద్దున్న మంచం దిగబుద్ధి కాదు, గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో సాయంత్రం 4 గంటలకు రక్తం ఇస్తే కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే హార్మోను) 4.1 వచ్చింది. ఆన్‌లైన్‌లో ఒకాయన దాన్ని చూసి ‘అడ్రినల్ ఫెటీగ్’ అని చెప్పి, మూడు నెలల కోర్సు అడ్రినల్ సపోర్టు క్యాప్సూల్స్ తీసుకోమన్నాడు. అవి వాడవచ్చా, మగవాళ్ళకు కార్టిసాల్ ఎంత ఉండాలి, దీనివల్ల మగతనం దెబ్బతింటుందా అని అడిగారు. చివర్లో ఒక్క ముక్క రాశారు: నడుం నొప్పికి ఊళ్ళో ఆరెంపీ గారి దగ్గర రెండేళ్ళు మందులు వాడి, రెండు నెలల క్రితం మానేశానని.

నేను విజయనగరంలో 22 ఏళ్ళుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ‘ఒకటే నీరసం డాక్టరు గారూ’ అనే మాటతోనే మొదలుపెడతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా సమాధానం. ఆ క్యాప్సూల్స్ కొనకండి. సాయంత్రం తీసిన ఆ 4.1 అనే అంకె ఒక్కదాన్నే పట్టుకుని జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. కానీ మీరు చివర్లో రాసిన నడుం నొప్పి మందుల సంగతి నన్ను కలవరపెట్టింది. అందులో స్టెరాయిడ్ మాత్ర ఉండి ఉంటే, దాన్ని ఒక్కసారిగా ఆపేయడం వల్ల మీ ఒంట్లో నిజంగానే కార్టిసాల్ తక్కువై ఉండవచ్చు. మందులు మానేసిన రెండు వారాలకే నీరసం మొదలైందని మీ లెక్కే చెబుతోంది కదా. దీనికి మంచి వైద్యం ఉంది. ఆ వైద్యం క్యాప్సూల్స్‌లో లేదు.

రేపో ఎల్లుండో ఉదయం 8 గంటలకు పరగడుపున కార్టిసాల్ మళ్ళీ చేయించండి. దాంతోపాటు సోడియం, పొటాషియం, క్రియాటినిన్, షుగరు, రక్తం శాతం కూడా చూపించండి. ఈలోగా వాంతులు పట్టుకున్నా, జ్వరం వచ్చి లేవలేకపోయినా, మగతగా అయిపోయినా ఇంట్లో పడుకోవద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళగానే ‘రెండేళ్ళు నొప్పి మాత్రలు వాడాను, స్టెరాయిడ్ అయి ఉండొచ్చు, రెండు నెలల క్రితం ఆపేశాను’ అని చెప్పండి. మీరు చెప్పలేని స్థితిలో ఉంటే మీ ఆవిడ చెప్పాలి కాబట్టి ఈ మాట ఇవాళే ఆవిడకు కూడా చెప్పి ఉంచండి.

ఇక ఒక్కొక్కటీ చెబుతాను.

కార్టిసాల్ మన రెండు కిడ్నీల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. ఒక్కో గ్రంథి బరువు నాలుగైదు గ్రాములకు మించదు. అంత చిన్న గ్రంథి నుంచి వచ్చే ఈ హార్మోనే బీపీని నిలబెడుతుంది, ఆకలితో ఉన్నప్పుడు షుగరు పడిపోకుండా చూస్తుంది, జ్వరం, దెబ్బ, ఆపరేషన్ లాంటి కష్టకాలంలో ఒంటిని ఆదుకుంటుంది. ఎంత తయారు చేయాలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోను ద్వారా చెబుతుంది. ఇది రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి నిద్ర లేచే వేళకు శిఖరానికి చేరుతుంది. తర్వాత దిగుతూ దిగుతూ అర్ధరాత్రికి అట్టడుగుకు వెళుతుంది. సాయంత్రం నాలుగింటికి 4, 5 ఉండటం ఆరోగ్యవంతుల్లోనూ మామూలే. అదే 4 ఉదయం 8 గంటలకు వస్తే మాత్రం ఊరుకోకూడదు.

మగవాళ్ళకు వేరే లెక్క ఏమీ లేదు, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే. ఉదయం 8 గంటల ప్రాంతంలో డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే అనుకుంటాం. 15 నుంచి 18 దాటితే లోపం దాదాపు లేనట్టే. మధ్యలో వస్తే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి, గంట తర్వాత గ్రంథి ఎంత పలికిందో చూసే పరీక్ష ఉంది. విశాఖలో ఎండోక్రైనాలజిస్టుల దగ్గర చేస్తారు. రిపోర్టులో యూనిట్ కూడా చూసుకోండి. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి. మైక్రోగ్రాముల అంకెను 27.6తో హెచ్చిస్తే నానోమోల్స్ వస్తాయి. ఒకాయన 113 అని చూసి కార్టిసాల్ ఆకాశానికి అంటిందని భయపడి వచ్చాడు. లెక్కేస్తే అది 4.1, అంటే అసలు సంగతి దానికి పూర్తిగా తిరగబడింది.

ఉదయం పరీక్షకు కూడా ఒక మినహాయింపు ఉంది. నెలల తరబడి నైట్ డ్యూటీ చేసేవాళ్ళకు ఒంట్లో గడియారం పక్కకు జరిగిపోతుంది. నెల్లిమర్ల వైపు నుంచి జూట్ మిల్లు కార్మికుడు ఒకరు ఉదయం కార్టిసాల్ 5 వచ్చిందని రిపోర్టు పట్టుకొచ్చారు. ఆరు నెలలుగా రాత్రి షిఫ్టే. రాత్రంతా మేలుకుని, డ్యూటీ దిగి నేరుగా ల్యాబుకు వెళ్ళి రక్తం ఇచ్చారు. పగటి షిఫ్టుకు మారి, మూడు వారాలు రాత్రిళ్ళు సరిగ్గా పడుకున్నాక మళ్ళీ చేయిస్తే 14. ఆయన నీరసానికి మూలం నిద్ర. మీ మిల్లులో సీజన్లో రాత్రి లోడింగులు ఉంటాయి కదా, మీకూ అలా ఉంటే పరీక్షకు ముందు కొన్ని రోజులు రాత్రి నిద్ర సరిచూసుకోండి. అయితే మీ కథలో నొప్పి మందులు ఉన్నాయి కాబట్టి, నిద్ర కోసమని పరీక్షను వారాల తరబడి వాయిదా మాత్రం వేయవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నొప్పులకు పొట్లం మందులు ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. స్ట్రిప్పు ఉండదు, పేరు ఉండదు. చిన్న కాగితం పొట్లంలో మూడు నాలుగు రకాల విడి మాత్రలు. ఒకటి నొప్పి బిళ్ళ, ఒకటి గ్యాస్ బిళ్ళ, ఒకటి విటమిన్, ఇంకొకటి చిన్నది. ఆ చిన్నదే తరచుగా డెక్సామెథసోన్ గానీ బీటామెథసోన్ గానీ ప్రెడ్నిసొలోన్ గానీ అవుతుంది. వేసుకున్న రెండో రోజుకే నొప్పి మాయం, ఆకలి పెరుగుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది. అందుకే జనం ‘ఆయన చెయ్యి మంచిది’ అంటారు. నాటు మందు, మూలికల పొడి పేరుతో అమ్మే కీళ్ళ నొప్పుల పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు నేను చూశాను. చూడటానికి ఆకుపచ్చ పొడి, కానీ వాడినాయన ముఖం ఉబ్బి గుండ్రంగా అయిపోయి ఉంటుంది.

స్టెరాయిడ్ అంటే బయటి నుంచి ఇచ్చే కార్టిసాల్ లాంటి మందే. అర మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర సుమారు 3 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం. రోజుకు అలాంటివి రెండు వేసుకుంటే ఒంటికి సహజంగా కావలసిన దానికంటే ఎక్కువే అందుతుంది. బయటి నుంచి నిండుగా వస్తుంటే పిట్యూటరీ ‘ఇక తయారు చేయక్కర్లేదు’ అని ఏసీటీహెచ్ ఆపేస్తుంది. ఏసీటీహెచ్ రాకపోతే అడ్రినల్ గ్రంథి పని లేక కుంచించుకుపోతుంది. మూడు నాలుగు వారాలు దాటి రోజూ వాడితేనే ఇది మొదలవుతుంది, మీరు వాడింది రెండేళ్ళు. ఆ తర్వాత మాత్ర ఆపేస్తే బయటి నుంచి రాదు, లోపల తయారు కాదు. గ్రంథి తిరిగి మేలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది.

బొబ్బిలి వైపు రైతు ఒకరు, 56 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులకు మూడేళ్ళు పొట్లం మందులు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు సంక్రాంతికి వచ్చి నాన్న ముఖం చూసి అనుమానపడి ‘ఇవి స్టెరాయిడ్లు నాన్నా, వెంటనే మానెయ్యి’ అని అన్నీ పారేసింది. ఆ అమ్మాయి ప్రేమతోనే చేసింది, చదువుకున్నది కాబట్టే గుర్తుపట్టింది. తొమ్మిదో రోజు ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళో రెండు సెలైన్లు ఎక్కించారు. తేరుకోలేదు. నా దగ్గరికి ఆటోలో పడుకోబెట్టి తెచ్చేసరికి పై బీపీ 70, షుగరు 52, మాట తడబడుతోంది. ముఖం గుండ్రంగా, చేతులు కాళ్ళు సన్నగా, చర్మం కాగితంలా పలచబడి, ముంజేతుల మీద కమిలిన మచ్చలు. ఆ ఒళ్ళు చూస్తేనే కథ తెలిసిపోతుంది. 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్, గ్లూకోజు ఇచ్చాం. సాయంత్రానికి లేచి కూర్చుని అంబలి అడిగారు. కార్టిసాల్ లేక మనిషి అలా కుప్పకూలడాన్నే అడ్రినల్ క్రైసిస్ అంటాం. గుర్తిస్తే ఇంత తేలిక. ఎవరికీ ఆ ఆలోచన రాకపోతే ‘విరేచనాలతో పోయాడు’ అనే మాటతో ఆ ఇల్లు ముగిసిపోతుంది.

అందుకే ఇది చదివే వాళ్ళందరికీ ఒక మాట: నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతుంటే తప్పు తెలిసిందని ఒక్కరోజులో ఆపకండి. డాక్టరు చేతికి ఆ పొట్లం ఇచ్చి, మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రండి. చివరికి రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ స్థాయికి వచ్చాక, ముందు రోజు మాత్ర వేసుకున్న 24 గంటల తర్వాత, ఆ రోజు మాత్ర వేసుకోకముందు ఉదయం కార్టిసాల్ చూస్తాం. స్టెరాయిడ్ వాడిన వాళ్ళలో 10 దాటితే గ్రంథి మేలుకుందని ఆపేయవచ్చు. 5 లోపు ఉంటే మందు కొనసాగించి కొన్ని నెలల తర్వాత మళ్ళీ చూడాలి. 5 నుంచి 10 మధ్య వస్తే ఇంకాస్త కాలం అదే మోతాదు మీద ఉంచి, కొన్ని వారాల తర్వాత మళ్ళీ పరీక్ష. మీ రిపోర్టు వచ్చినప్పుడు కూడా నేను ఈ అంకెలతోనే చూస్తాను.

ఇంకో చిక్కు ఉంది. ప్రెడ్నిసొలోన్, హైడ్రోకార్టిసోన్ వాడుతూ పరీక్ష చేయిస్తే చాలా యంత్రాలు వాటినే కార్టిసాల్‌గా లెక్కవేసి ఎక్కువ చూపిస్తాయి. డెక్సామెథసోన్ అయితే యంత్రానికి కనపడదు, ఒంట్లో స్టెరాయిడ్ నిండుగా ఉన్నా కార్టిసాల్ సున్నాకు దగ్గరగా వస్తుంది. మందు చరిత్ర తెలియకుండా ఈ అంకెకు అర్థం చెప్పడం కుదరదని అనేది ఇందుకే.

మాత్రలే కాదు. మోకాలులోకి, భుజంలోకి పదే పదే పొడిపించుకునే ఇంజెక్షన్లు, ఎక్కువ మోతాదులో వాడే ఇన్హేలర్లు, గజ్జికీ తామరకూ తెల్లబడటానికీ ఒళ్ళంతా నెలలపాటు రాసుకునే క్లోబెటసాల్, బీటామెథసోన్ క్రీములు, ఇవన్నీ ఇదే పని చేయగలవు. ఇన్హేలర్ వాడే ఆస్తమా వాళ్ళు దీన్ని చదివి భయపడి ఆపేయకండి, మామూలు మోతాదులో అది మీకు మేలే.

ఆరెంపీలను తిట్టడానికి ఇదంతా రాయలేదు. రాత్రి రెండింటికి పాము కరిచినా పిల్లాడికి ఫిట్స్ వచ్చినా ఆ ఊరికి ముందుగా దొరికేది ఆయనే. మా చుట్టుపక్కల ఆరెంపీలతో నేను చాలాసార్లు కూర్చుని మాట్లాడాను. ఆ చిన్న మాత్ర ఇన్ని నెలలు ఇస్తే గ్రంథి ఎండిపోతుందని వాళ్ళలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. మీరు కూడా మీ ఆరెంపీ గారి దగ్గరికి వెళ్ళి, గొడవ పెట్టుకోకుండా, ‘నాకు ఇచ్చిన వాటిలో స్టెరాయిడ్ ఉందా, పేరేమిటి, రోజుకు ఎన్ని’ అని అడిగి కాగితం మీద రాయించుకోండి. మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు. మిగిలిన మాత్రలు ఇంట్లో ఉంటే అవీ తీసి ఉంచండి.

స్టెరాయిడ్ చరిత్ర లేకుండా కార్టిసాల్ తగ్గితే కారణం అడ్రినల్ గ్రంథిలో ఉండాలి, లేదా పిట్యూటరీలో ఉండాలి.

గ్రంథే దెబ్బతింటే దాన్ని అడిసన్ జబ్బు అంటాం. 1855లో లండన్ గైస్ హాస్పిటల్ వైద్యుడు థామస్ అడిసన్ దీన్ని వర్ణించాడు. అప్పట్లో ముఖ్య కారణం క్షయ. నేడు పడమటి దేశాల్లో ఒంటి రోగనిరోధక శక్తే గ్రంథి మీద దాడి చేయడం ముఖ్య కారణమైతే, మన దేశంలో క్షయను ఇప్పటికీ మొదటి వరుసలోనే చూసుకోవాలి. ఇందులో బరువు తగ్గడం, ఆకలి చావడం, వికారం, కడుపు నొప్పి, నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం, ఉప్పు మీద పిచ్చి కోరిక, ఒళ్ళు నల్లబడటం ఉంటాయి. మన రంగు మీద నలుపు తేలిగ్గా కనపడదు. అరచేతి గీతలు, చిగుళ్ళు, పెదవుల లోపలి భాగం, పాత దెబ్బల మచ్చలు చూడాలి. నేనైతే ఆధార్ కార్డు ఫొటో, పెళ్ళి ఫొటో తెమ్మని పోల్చి చూస్తాను.

ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడు. గజపతినగరం వైపు నుంచి 34 ఏళ్ళ మేస్త్రీ. నీరసం, వికారం, ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. ఎండలో పని కదా, నల్లబడ్డాడు అనుకున్నాను. గ్యాస్ట్రైటిస్ అని మందులు రాశాను, రెండుసార్లు బి12 సూదులు వేయించాను. మూడోసారి వచ్చినప్పుడు వాళ్ళ ఆవిడ ‘ఎండుచేపలు కడగకుండా అలాగే నోట్లో వేసుకుంటున్నాడు బాబూ, ఊరగాయ జాడీ వారంలో ఖాళీ చేస్తున్నాడు’ అంది. అప్పుడు నోరు తెరిపించి చూశాను. చిగుళ్ళు నేరేడు పండు రంగు. సోడియం 121, పొటాషియం 5.9. స్కాన్‌లో రెండు అడ్రినల్ గ్రంథులూ ఉబ్బి ఉన్నాయి. క్షయ. అప్పటి నుంచి నీరసమని వచ్చిన ప్రతి మగమనిషినీ ఉప్పు గురించి అడుగుతాను, నోరు తెరిపిస్తాను. మన దగ్గర మగవాళ్ళు తమ లక్షణాలు తాము చెప్పరు. భార్యనో తల్లినో పక్కన కూర్చోబెట్టుకుంటే సగం జబ్బు వాళ్ళే చెబుతారు.

క్షయతో ముడిపడిన మరో జాగ్రత్త. క్షయకు వాడే రిఫాంపిసిన్ కార్టిసాల్‌ను లివర్‌లో వేగంగా కరిగించేస్తుంది. గ్రంథి అప్పటికే బలహీనంగా ఉన్నాయన టీబీ కోర్సు మొదలుపెట్టాక నీరసం మరింత పెరిగి, వాంతులతో పడిపోతే, మందు పడలేదని కోర్సు ఆపేయకూడదు. కార్టిసాల్ చూపించాలి.

ఉద్దానం వైపు వాళ్ళు చదువుతుంటే ఒక మాట. కవిటి, సోంపేట, మందస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మనకు తెలుసు. పొటాషియం పెరిగి, నీరసంగా ఉంటే అక్కడ ముందు కిడ్నీనే అనుమానించాలి. అందుకే క్రియాటినిన్ తప్పకుండా చూడమన్నాను. నొప్పి బిళ్ళలు కిడ్నీకి చేసే చేటు వేరే లెక్క.

పిట్యూటరీ దెబ్బతింటే ఒళ్ళు నల్లబడదు, పొటాషియం పెరగదు, సోడియం మాత్రం పడిపోతుంది. కణితులు, తలకు పెద్ద దెబ్బలు కారణం కావచ్చు. హైవే మీద బైకు ప్రమాదం జరిగి తలకు దెబ్బ తగిలినవాళ్ళు నెలల తర్వాత ఇలా వస్తారు. వీటితోపాటు మన జిల్లాల్లో మరిచిపోకూడని కారణం ఇంకొకటి ఉంది, రక్తపింజర కాటు. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీలను దెబ్బతీస్తుంది, కొందరిలో పిట్యూటరీకి రక్తం అందక అది చచ్చుబడిపోతుంది. ఈ సంగతి భారతదేశం, శ్రీలంక, మయన్మార్‌ల నుంచి బాగా నమోదైంది.

పాలకొండ వైపు రైతు ఒకరికి వరి కోతల్లో రక్తపింజర కరిచింది. విశాఖలో మూడు వారాలు డయాలసిస్ చేసి బతికించారు. అందరూ గండం గడిచిందనుకున్నారు. నాలుగేళ్ళ తర్వాత నా దగ్గరికి వచ్చారు. చలి తట్టుకోలేకపోవడం, మందకొడితనం, పొలం వెళ్ళలేకపోవడం. వేరేచోట థైరాయిడ్ తక్కువ ఉందని మాత్ర మొదలుపెడితే వారంలో ఇంకా దిగజారారు. గడ్డం ఎన్నాళ్ళకోసారి గీసుకుంటారని అడిగాను. ‘రెండు నెలలకు ఒకసారి చాలు బాబూ, పెరగట్లేదు’ అన్నారు. ఉదయం కార్టిసాల్ 1.8. థైరాయిడ్, టెస్టోస్టెరోన్ అన్నీ అడుగంటి ఉన్నాయి. కార్టిసాల్ లోపం ఉన్నవాళ్ళకు ముందు అది సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రమాదం. థైరాయిడ్ మందు ఉన్న కాస్త కార్టిసాల్‌నూ వేగంగా ఖర్చుపెట్టిస్తుంది. ఆయనకు హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టి, తర్వాత థైరాయిడ్, ఆ తర్వాత టెస్టోస్టెరోన్ ఇచ్చాం. మరుసటి ఏడు దమ్ము పట్టారు. మీకు ఎప్పుడైనా పాము కరిచి ఉంటే, అది పదేళ్ళ క్రితమైనా, డాక్టరుకు చెప్పండి.

మీరు మొహమాటపడుతూ అడిగిన ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే ఉంది. మగవాళ్ళలో టెస్టోస్టెరోన్ దాదాపు అంతా వృషణాల నుంచే వస్తుంది, అడ్రినల్ వాటా చాలా తక్కువ. కాబట్టి అడ్రినల్ గ్రంథి ఒక్కటే దెబ్బతింటే గడ్డం రాలదు, మగతనం నేరుగా పోదు. మనిషే నీరసంగా ఉంటాడు కాబట్టి కోరిక తగ్గుతుంది, కార్టిసాల్ సరిచేస్తే తిరిగి వస్తుంది. గడ్డం పెరగకపోవడం, ఉదయం పూట అంగస్తంభనలు పూర్తిగా ఆగిపోవడం ఉంటే పిట్యూటరీ వైపు చూడాలి. ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినా టెస్టోస్టెరోన్ కొంత తగ్గుతుంది, అది కూడా చాలావరకు కోలుకుంటుంది. ఇలాంటి ప్రశ్న డాక్టరును అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ సమాధానమే కొన్నిసార్లు జబ్బు ఎక్కడుందో చూపిస్తుంది. మగపిల్లల తల్లిదండ్రులకు ఒక్క వాక్యం: అబ్బాయిలో అడిసన్ జబ్బు బయటపడితే అడ్రినోల్యూకోడిస్ట్రోఫీ అనే వంశపారంపర్య జబ్బు కోసం రక్తపరీక్ష చేయించాలి, అది ముఖ్యంగా మగపిల్లలనే బాధిస్తుంది.

ఇక ఆ ‘అడ్రినల్ ఫెటీగ్’. టెన్షన్లు ఎక్కువై అడ్రినల్ గ్రంథులు అలిసిపోతాయి, అందుకే నీరసం అనేది ఆ వాదన. 1998లో అమెరికాలో ఒక కైరోప్రాక్టర్ (వెన్నెముకను చేత్తో సరిచేసే వైద్యం చేసేవాడు) ఈ పేరు పెట్టాడు. వినడానికి నమ్మేలా ఉంటుంది. కానీ 2016లో ఇద్దరు బ్రెజిల్ పరిశోధకులు అప్పటివరకు వచ్చిన 58 అధ్యయనాలు పరిశీలించి, అలాంటి జబ్బు ఉందనడానికి ఆధారం లేదని తేల్చారు. నిజానికి తీవ్రమైన ఒత్తిడిలో గ్రంథి ఎక్కువ కార్టిసాల్ తయారు చేస్తుంది, అలిసి ఆగిపోదు. మీ నీరసం అబద్ధమని నేను అనడం లేదు. నీరసం నిజం. పెట్టిన పేరే తప్పు, ఆ పేరు పట్టుకుని మూడు నెలలు క్యాప్సూల్స్ మింగుతుంటే అసలు కారణం లోపల పెరుగుతుంది.

ఆ క్యాప్సూల్స్‌లో ఏముంటుందన్నది ఇంకో భయం. అమెరికాలో అమ్ముతున్న 12 రకాల అడ్రినల్ సపోర్టు మందులను పరీక్షిస్తే అన్నింటిలోనూ థైరాయిడ్ హార్మోను దొరికింది, చాలావాటిలో ఏదో ఒక స్టెరాయిడ్ హార్మోను కూడా ఉంది. లేబుల్ మీద ఆ మాట లేదు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. ఇందాక పాలకొండ రైతుకు థైరాయిడ్ మాత్ర ఏం చేసిందో చెప్పాను కదా. మీకు నిజంగా కార్టిసాల్ లోపం ఉంటే ఇలాంటి మందు మిమ్మల్ని అక్కడికే నెడుతుంది.

అశ్వగంధ గురించీ, అతిమధురం గురించీ అడుగుతారని తెలుసు. అశ్వగంధ కార్టిసాల్‌ను తగ్గిస్తుందనే కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. తక్కువ ఉందని భయపడేవాళ్ళు తగ్గించేదాన్ని ఎందుకు వాడాలి? అతిమధురం ఉన్న కార్టిసాల్‌ను కిడ్నీలో కరగనివ్వకుండా చేసి బీపీ పెంచుతుంది, పొటాషియం పడేస్తుంది. గొంతుకు చిన్న ముక్క చప్పరించడం వేరు, రోజూ చెంచాల కొద్దీ పొడి తాగడం వేరు. బీపీ ఉన్నవాళ్ళు అసలు వద్దు.

మీ ఉదయం పరీక్షలో నిజంగా లోపం తేలిందనుకోండి. చికిత్స హైడ్రోకార్టిసోన్ మాత్ర, రోజుకు మొత్తం 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు మూడు భాగాలుగా. పెద్ద భాగం నిద్ర లేవగానే, చివరిది సాయంత్రం దాటకుండా. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. గ్రంథే పాడైన అడిసన్ వాళ్ళకు ఉప్పును పట్టి ఉంచే ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా కావాలి, మీలాంటి వారికి అది సాధారణంగా అక్కర్లేదు. ‘స్టెరాయిడ్ వల్లే ఇదంతా వచ్చిందంటూ మళ్ళీ స్టెరాయిడ్ ఇస్తారేమిటి’ అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ముందు మీరు తిన్నది అవసరానికి మించినది. ఇప్పుడు ఇచ్చేది ఒంట్లో ఉండాల్సినంతే, లోటు పూడ్చేంతే. సరైన మోతాదులో ముఖం ఉబ్బదు, ఎముకలు గుల్లబారవు. ఇది డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు, అంకె చూసుకుని మీకు మీరే మొదలుపెట్టకండి.

ఈ మందు మీద ఉన్నవాళ్ళకు కొన్ని నియమాలు ప్రాణంతో సమానం. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలి, తీవ్రమైన జ్వరమైతే మూడు రెట్లు. వాంతుల వల్ల మాత్ర నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తప్పనిసరి. ఒక వయల్, సిరంజి ఇంట్లోనే ఉంచుకోమని, కండలోకి ఎలా ఇవ్వాలో ఇంట్లో ఒకరు నేర్చుకోమని చెబుతాను. ఊళ్ళో ఆరెంపీ గారికి కూడా ఆ వయల్ చూపించి ఉంచండి, అర్ధరాత్రి ఆయన చెయ్యే దిక్కు కావచ్చు. ఆపరేషన్‌కైనా పన్ను పీకించుకోవడానికైనా ముందే చెప్పాలి. పర్సులో ఒక కాగితం మీద ‘నాకు అడ్రినల్ లోపం ఉంది, స్పృహ తప్పితే హైడ్రోకార్టిసోన్ 100 ఇవ్వండి’ అని రాసి పెట్టుకోవాలి. అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు కొందరు దీక్షలో మాత్రలు ఆపేస్తారు. ఆపకండి. తెల్లవారుజామున స్నానం, పూజ అయ్యాక మొదట మాత్ర, తర్వాతే మిగతావి. పైడితల్లి సిరిమాను రోజు ఉపవాసం ఉండేవాళ్ళకూ ఇదే మాట.

పరీక్షలో కార్టిసాల్ బాగానే ఉంటే? చాలామందికి అలాగే ఉంటుంది, అప్పుడు వెతకాల్సినవి వేరే. షుగరు, రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, క్షయ, కిడ్నీ, మద్యం అలవాటు. గట్టిగా గురక పెట్టి పగలంతా తూగేవాళ్ళలో నిద్రలో శ్వాస ఆగడం. ఇంకా మనసు కుంగుబాటు, మగవాళ్ళలో అది ‘నీరసం’ అనే మాట చాటునే దాక్కుంటుంది.

మీరు చేయాల్సింది చెబుతాను. రాత్రి త్వరగా పడుకోండి. ఉదయం 8 గంటలకల్లా శ్రీకాకుళం వెళ్ళి, ఏమీ తినకుండా రక్తం ఇవ్వండి, రక్తం తీసిన టైము రిపోర్టులో రాయమనండి. పడుకుని ఒకసారి, నిలబడిన మూడు నిమిషాలకు ఒకసారి బీపీ చూపించుకోండి. పై అంకె 20కి మించి పడిపోతే అది ముఖ్యమైన సూచన. ఆ రిపోర్టు, ఆరెంపీ గారు రాసిచ్చిన కాగితం, మిగిలిన పొట్లాలు పట్టుకుని మీ దగ్గరలోని ఫిజీషియన్ దగ్గరికి అదే రోజు వెళ్ళండి. 5 లోపు వస్తే మర్నాటికి వాయిదా వేయకండి. ఎండలో మిల్లు యార్డులో నిలబడే పని ఈ వారం వేరేవారికి అప్పగించండి, మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి. కార్టిసాల్, సోడియం, పొటాషియం అంకెలు యూనిట్లతో సహా ఇక్కడ రాస్తే నేను చూసి చెబుతాను.